నిమగ్నతలో మొదటి ర్యాంకు

విద్యార్థి పాఠం వింటున్నాడో లేదో తెలుసుకోవడానికి ఇంతకాలం మేము విద్యార్థిని ప్రశ్న అడిగేవాళ్లం. ఇది అశాస్త్రీయమని ఆంగ్ల నిమగ్నతా సాధికార సంస్థ వారు కనిపెట్టి, క్రిందటి కార్తీకం నుంచి ఆ పద్ధతిని రద్దు చేశారు.

సంస్థ ఉద్దేశం మంచిదే. ఇంటి దగ్గర కూర్చుని ఫోనులో ఇంగ్లీషు నేర్చుకునే పెద్దవాళ్లు నాలుగు రోజులు వచ్చి ఐదో రోజు మానేస్తున్నారు. వాళ్లను పాఠంలో కూర్చోబెట్టాలి. నేను తునిలో హైస్కూలు మాస్టారిని. పగలు పిల్లలకు చెబుతాను, సాయంత్రం ఏడింటికి సంస్థ తరఫున పెద్దలకు ఆన్‌లైన్లో చెబుతాను. ఆటో నడిపే లోవరాజు, జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే నూకరత్నం, చీరల షాపు అమ్మాయిలు ఇద్దరు, ఒక వంట కాంట్రాక్టరు, ఇలా ఇరవై మంది దాకా నా క్లాసు. పేర్ల జాబితాలో మా ఆవిడ సుభాషిణి కూడా ఉంది.

ఆవిడ సంగతి ముందే చెప్పడం మంచిది. క్లాసు మొదలైన కొత్తలో ఆవిడ కూడా పేరు రాయించుకుంది. తన ఫోనును స్టాండుకు తగిలించి, నాకెదురుగా కుర్చీ వేసుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పాఠం వినేది. "ఇన్నేళ్లూ బళ్లో ఏం చెబుతున్నారో తెలీదు. ఇప్పుడైనా చూద్దామని," అంది. ఆవిడ ఆవలిస్తే నేను విషయం మార్చేవాణ్ణి. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ కదలకుండా ఆగిపోతే బాగా చెబుతున్నానని నాకు తెలిసేది.

శ్రావణంలో ఆవిడ పోయింది. ఎదురుగా ఎవరూ లేకుండా పాఠం చెప్పడం చేతకాక ఆ కుర్చీలో ఆవిడ ఫోటో పెట్టుకున్నాను. మా అక్క తెచ్చిన గంధపు చెక్కల దండ బీరువాలో కవరులోనే ఉంది. ఆవిడ ఫోనుకు ఛార్జింగు పెట్టడం, ఏడు కాగానే దాన్ని క్లాసులోకి తెరవడం మాత్రం మానలేదు. ఒక అలవాటు మానాలంటే కారణం కావాలి. నాకు దొరకలేదు.

కొత్త పద్ధతి గురించి మాకు శిక్షణ ఇచ్చినవారు దివాకరంగారు. ఆయన జిల్లా నిమగ్నతా సమన్వయకర్త.

"ఉపాధ్యాయ మిత్రులారా! నిమగ్నత అనేది భావన కాదు, కొలత," అని ఆయన ప్రారంభించారు. "సంస్థ ప్రవేశపెడుతున్న 'జాగృతి' యంత్రాంగం విద్యార్థి ముఖాన్ని అనుక్షణం పరిశీలిస్తుంది. ముఖం తిన్నగా ఉండాలి. కళ్లు తెరిచి ఉండాలి. పెదవులపై ప్రసన్నత ఉండాలి. ఈ మూడూ ఉంటే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క. ఏది లోపించినా ఎర్ర చుక్క. రెండు నెలల్లో ఒక్క నిమిషమైనా ఏకబిగిన ఆకుపచ్చలో లేని విద్యార్థి పేరు దానంతటదే తొలగిపోతుంది."

నేను చెయ్యెత్తాను. "కొందరు కిందకి చూస్తూ వింటారు కదండీ?"

"కిందకి చూస్తూ వినడం అనేది నిర్వచనంలో లేదు మాస్టారూ."

"అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పినా?"

"జవాబు అనేది ఫలితం. ప్రస్తుత దశలో సంస్థ ఫలితాల జోలికి వెళ్లడం లేదు."

ఆ సాయంత్రమే జాగృతి మా క్లాసుకు వచ్చింది. తెర మీద ముఖాల పక్కన చుక్కలు వెలిగాయి. లోవరాజు ఆటో స్టాండులో సీటు మీద వెనక్కి వాలి, కళ్లు తెరుచుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని చిరునవ్వుతో ఉన్నాడు. ఆకుపచ్చ. తర్వాత తెలిసింది, అతను క్రికెట్ వ్యాఖ్యానం వింటున్నాడు. నూకరత్నం ఇంటి అరుగు మీద కూర్చుని, తల వంచుకుని, పళ్లెంలో జీడిపప్పుకు పొట్టు తీస్తోంది. ఎరుపు. ఆ రోజు నేనడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది ఆవిడొక్కతే.

సుభాషిణి పేరు పక్కన ఆకుపచ్చ చుక్కతో పాటు తొంభై ఎనిమిది శాతం అని వచ్చింది. క్లాసులో అందరికీ ఆవిడ తెలుసు. ఆ ఫోటో వాళ్లకి రోజూ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. కాసేపటికి లోవరాజు చెవుల్లో తీగలు తీసి, "అమ్మగారు ఎప్పుడూ ఫస్టేనండి," అన్నాడు.

నూకరత్నానికి ఈ ఇంగ్లీషు అవసరం. ఫ్యాక్టరీలో ఆవిడది జీడిపిక్కలు పగలగొట్టే పని. ఆ రసానికి వేళ్ల చివర్లు నల్లబడి చర్మం ఊడిపోయింది. ప్యాకింగులో సూపర్వైజరు కుర్చీ ఖాళీ అయింది. దూరదేశాల నుంచి సరుకు కొనేవాళ్లు ఫోను చేస్తే ఇంగ్లీషులో మాట్లాడాలి కాబట్టి, సంస్థవారి సర్టిఫికెట్ తెచ్చినవాళ్లకే ఆ కుర్చీ ఇస్తానని యజమాని చెప్పాడు. పేరు తొలగిపోతే సర్టిఫికెట్ ఉండదు.

"ఒక్క నిమిషం తలెత్తి చూడమ్మా," అన్నాను.

"తలెత్తితే చెయ్యి ఆగిపోద్దండి. చెయ్యి ఆగితే చెవి కూడా ఆగిపోద్దండి నాకు."

"నవ్వు మొహంతో ఒక్క నిమిషం బిగబట్టక్కా, అయిపోద్ది," అన్నాడు లోవరాజు.

ఆవిడ తలెత్తింది. తెర మీద తన మొహం తనకే కనబడింది. "ఓలమ్మో, ఇలాగుంటానేటి నేను!" అని ఫక్కున నవ్వి, పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఎరుపు. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. తనను తాను చూసుకుని నవ్వకుండా ఉండడం ఆవిడ వల్ల కాలేదు.

వారం తిరిగేసరికి నా క్లాసు మొత్తం నిమగ్నత తక్కువగా ఉందని దివాకరంగారు ఫోను చేశారు. ఇకపై ప్రతి రెండు నిమిషాలకూ ఉపాధ్యాయుడు ఒక 'ఉత్తేజక చర్య' నిర్వహించాలని ఆదేశం. చప్పట్లు కొట్టించడం, టోపీ మార్చడం, బొమ్మ చేత మాట్లాడించడం అందులో ఉన్నాయి. సంస్థవారు ఒక గుడ్డ చిలకను కూడా పంపారు.

నేను నిబంధనలు పాటించే మనిషిని. చిలకను చేతికి తొడుక్కున్నాను. చిలక 'గుడ్ ఈవినింగ్' అంది. చప్పట్లు కొట్టించాను. టోపీ మార్చాను. భూతకాలం గురించి ఒక వాక్యం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు అయిపోయాయి. మళ్లీ చిలక.

మూడో రోజు నూకరత్నం తల వంచుకునే అడిగింది. "మాస్టారండీ, ఆ సిలక మాటాడ్డం అయిపోయాక మీరు మాటాడతారాండీ?"

"ఇవాళ్టికి కుదరదమ్మా," అన్నాను.

ఇంతలో సంస్థవారు మొదటి నెల ఫలితాలు ప్రకటించారు. రాష్ట్రం మొత్తం మీద నిమగ్నతలో మొదటి ర్యాంకు తుని సుభాషిణిది.

ఇక ఆగకూడదని దివాకరంగారికి ఫోను చేశాను. "ఆవిడ మా ఆవిడండి. శ్రావణంలో పోయింది. కెమెరా ఎదురుగా ఉన్నది ఫోటో."

అటు వైపు నుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. "తొంభై ఎనిమిది చూపిస్తోంది మాస్టారూ."

"ఫోటో కదండీ. రెప్ప వెయ్యదు."

"మీ బాధ నేను అర్థం చేసుకోగలను. కానీ చనిపోయినవాళ్లకి తొంభై ఎనిమిది రాదండి. జాగృతిలో మరణానికి విడిగా గడి లేదు. ఎందుకంటారా? చనిపోయిన విద్యార్థి క్లాసుకు రాడు. రాకపోతే సున్నా వస్తుంది. సున్నా వస్తే పేరు దానంతటదే పోతుంది. ఈవిడ పేరు పోలేదు. అంటే నిబంధనల ప్రకారం..." ఆయన ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. ఆయనలో మంచితనం ఉంది.

"పోనీ నేనే పేరు తీయించేస్తాను," అన్నాను.

"దానికి విద్యార్థి స్వయంగా కెమెరా ముందుకొచ్చి, మానేస్తున్నానని నోటితో చెప్పాలండి."

చెబితే నాకూ బాగానే ఉండేది.

సంస్థ అధ్యక్షులు ఆచార్య విశ్వంభరంగారు మొదటి ర్యాంకు వెనక రహస్యం అధ్యయనం చేయడానికి నిపుణుల సంఘం వేశారు. నిపుణులు ఆ ముఖాన్ని పెద్దదిగా చేసి చూసి, 'సుభాషిణి పద్ధతి'ని రూపొందించారు. మెడ కదలరాదు. రెప్ప వేయరాదు. పెదవుల్లో ఎడమ కొస మాత్రం కొంచెం పైకి లేవాలి. ఇది గాఢమైన జ్ఞానతృష్ణకు సంకేతమని వారు నిర్ధారించారు.

ఆ ఫోటో మా మేనకోడలి పెళ్లిలో తీసింది. పెళ్లికి వచ్చిన ఉత్తరాది అతిథి ఒకాయనతో నేను ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, పక్కన నిలబడి ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. ఎడమ కొస అందుకు లేచింది. ఈ సంగతి నిపుణులకు చెప్పలేదు. వాళ్లు అడగలేదు.

సుభాషిణి పద్ధతిని రాష్ట్రమంతా అమలు చేశారు. మా క్లాసులో వంట కాంట్రాక్టరుకు రెప్ప వెయ్యక కళ్లు ఎర్రబడి డాక్టరు చుక్కల మందు రాశాడు. చీరల షాపు అమ్మాయిలకు ఎడమ బుగ్గ పట్టేసింది. అందరూ ఫోటోల్లా కూర్చోవడానికి అంత కష్టపడుతుంటే చూసి చూసి, ఒక సాయంత్రం లోవరాజు అన్నాడు. "ఇదేటండీ గోల! ఫోటోల్లా కూకోడం దేనికండీ? ఫోటోలే పెట్టేత్తే పోలా?"

మర్నాడు అతని స్థానంలో అతని పుట్టినరోజుకు స్టాండువాళ్లు వేయించిన ఫ్లెక్సీలోని ముఖం వచ్చింది. నల్ల కళ్లద్దాల వల్ల ఎరుపు పడింది. అద్దాల మీద కళ్లు అతికించాడు. ఆకుపచ్చ. రెండు రోజుల్లో క్లాసంతా ఫోటోలే. వంట కాంట్రాక్టరు పెళ్లికొడుకుగా ఉన్నప్పటి ఫోటో పెట్టాడు. చాలా ఆకుపచ్చ.

చుక్కలన్నీ ఆకుపచ్చగా ఉంటే ఉత్తేజక చర్యలు అక్కర్లేదని నిబంధనలోనే ఉంది. చిలకను అలమారులో పెట్టేశాను. మొట్టమొదటిసారి పాఠం సాగింది. తెర మీద అందరూ కదలకుండా నవ్వుతున్నారు. వెనక నుంచి కుక్కరు కూతలు, ఆటో హారన్లు, పిల్లల ఏడుపులు, వాటి మధ్య తప్పుల తడకల ఇంగ్లీషు ధారాళంగా వస్తోంది. ముఖం కనిపించదు కాబట్టి ఎవరికీ సిగ్గు లేదు. లోవరాజు అనకాపల్లి దాకా కిరాయి బేరం మొత్తం ఇంగ్లీషులో ఆడేశాడు.

ఇది మా ఒక్క క్లాసులోనే జరిగిందని చెప్పలేను. రాష్ట్ర సగటు తొంభై దాటింది. పొరుగు పట్టణంలో ఒక మాస్టారు తన ఫోటో కూడా పెట్టేశారని విన్నాను. ఆ క్లాసులో ఎవరూ ఉండరు. నిమగ్నత నూటికి నూరు.

నూకరత్నం ఒక్కతే ఫోటో పెట్టుకోలేదు.

"నేను తీసి పెడతానక్కా, పటం కట్టించి మరీ ఇత్తాను," అన్నాడు లోవరాజు.

"నోరు ముయ్యరా. బతికున్న మనిషికి కుర్చీలో పటం పెడతారేట్రా? మా అత్త వింటే సీపురుకట్ట తిరగేత్తది." అని ఒక్క క్షణం ఆగింది. పళ్లెంలో చెయ్యి ఆగింది. "మాస్టారండీ, మిమ్మల్నన్లేదండి."

"ఫరవాలేదమ్మా," అన్నాను.

ఆవిడ గడువు శుక్రవారంతో ముగుస్తుంది. కోర్సు ముగియడానికి ఇంకో రెండు వారాలుంది. "అమ్మా, ఇంక మూడు రోజులే," అని హెచ్చరించాను. "నేర్చుకున్నకాడికి నేర్చుకున్నానండి. పిక్కలు ఎక్కడికీ పోవు కదండీ," అని నవ్వింది. ఆ నవ్వు పమిట అడ్డం పెట్టుకునే నవ్వు కాదు.

అదే శుక్రవారం సాయంత్రం, క్లాసు సమయానికి, ఆచార్య విశ్వంభరంగారు మా ఇంటికి వచ్చి సుభాషిణిని స్వయంగా సన్మానిస్తారని దివాకరంగారు ఫోను చేశారు. కార్యక్రమం అన్ని క్లాసులకూ ప్రత్యక్ష ప్రసారమట. "అమ్మగారిని సిద్ధంగా ఉండమనండి," అన్నారు, అలవాటుగా. అని నాలిక్కరుచుకున్నారు.

"ఆయనతో చెప్పలేదాండీ?"

"ఎలా చెప్పనండి? ఫ్లెక్సీ అచ్చయిపోయింది."

శుక్రవారం మా గుమ్మానికి ఆ ఫ్లెక్సీ కట్టారు. 'నిమగ్నతా శిరోమణి శ్రీమతి సుభాషిణి గారికి ఘన సన్మానం' అని ఉంది. కింద దివాకరంగారి ఫోటో, దానికి రెండింతల సైజులో అధ్యక్షులవారి ఫోటో ఉన్నాయి. సుభాషిణి ఫోటోకి చోటు చాలలేదు. ఏడింటికి కారు వచ్చి ఆగింది. శాలువా, జ్ఞాపిక, పళ్లబుట్ట, ఇద్దరు మోస్తే గాని కదలని గులాబీల దండ లోపలికి వచ్చాయి. కెమెరా పట్టుకున్నాయన వెనక్కి నడుస్తూ వచ్చాడు. అతన్ని చూస్తూ అధ్యక్షులవారు ముందుకు నడుస్తూ వచ్చారు.

"రాష్ట్రం గర్వించదగిన ఆ విద్యార్థినీమణి ఎక్కడ?" అన్నారు.

"కుర్చీలో ఉందండి," అన్నాను.

ఆయన కుర్చీ వైపు తిరిగారు. చూశారు. దివాకరంగారు సీలింగు ఫ్యానును పరిశీలిస్తున్నారు.

"సర్, లైవ్ వెళ్తోంది సర్," అన్నాడు కెమెరా ఆయన.

విశ్వంభరంగారు జీవితంలో ఎన్నో సభలు చూసినవారు. దండ చేతిలో ఉండగా వెనక్కి తిరిగిన మనిషి కారు. కానీ ఆయన ముందుకూ వెళ్లలేదు. వంగి, చెప్పులు విప్పి పక్కకు పెట్టారు. అప్పుడు దండ అందుకుని, రెండు చేతులా ఫోటోకి వేశారు. వేసి, నుదుటి మీదకు జారిన ఒక పువ్వును వేలితో సర్దారు.

"ఎప్పుడండీ?" అన్నారు, మైకుకు అందనంత మెల్లగా.

"శ్రావణంలోనండి."

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్పామండి. జాగృతి ఒప్పుకోలేదు."

ఆయన తల ఊపి, నా భుజం మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం అలాగే ఉంచారు. తర్వాత కెమెరా వైపు తిరిగారు. "సభకు నమస్కారం! నిమగ్నతకు మరణం సైతం ఆటంకం కాజాలదని ఈ మహనీయురాలు నిరూపించారు. బతికి ఉన్న విద్యార్థులు దీన్ని ఆదర్శంగా తీసుకోవాలని పిలుపునిస్తున్నాను!"

నేను ఆ మాటలు సరిగ్గా వినలేదు. ఇన్ని నెలలుగా కవరు విప్పలేకపోయాను. ఆ పని కాస్తా ఇంకొకరు కాళ్లకు చెప్పులు లేకుండా, మర్యాదగా చేసిపెట్టారు. సంస్థ మీద నాకు ఎన్ని అభిప్రాయాలున్నా ఈ ఒక్క విషయంలో కృతజ్ఞుణ్ణి.

అది సభల దండ, మనిషి కొలతకు కట్టింది. ఫోటోకి పెద్దదయింది. గులాబీలు బుగ్గలు కప్పి, కళ్ల దాకా వచ్చాయి. స్టాండు మీద సుభాషిణి ఫోను టింగుమంది. జాగృతి గొంతు గది అంతా వినిపించేలా పలికింది. "సుభాషిణి గారూ! మీ నిమగ్నత లోపించింది. దయచేసి పాఠం మీద దృష్టి పెట్టండి."

ఎర్ర చుక్క.

అధ్యక్షులవారు ప్రసంగం ఆపేశారు. నా లాప్‌టాప్‌లోంచి ఎవరిదో నవ్వు వినిపించింది. చూశాను. తెర నిండా కదలని ఫోటోలు, వాటి మధ్య కదిలే ముఖం ఒకటే. అమ్మగారికి దండ వేయడం చూడడానికి నూకరత్నం పళ్లెం పక్కకు నెట్టి, తలెత్తి తిన్నగా చూస్తోంది. కళ్లు నిండి ఉన్నాయి. జాగృతి మాటలకు నవ్వు వచ్చింది. నోటికి పమిట అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

కన్నీళ్ల గురించి జాగృతిలో నిబంధన లేదు. ముఖం తిన్నగా ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. పెదవులపై ప్రసన్నత ఉంది. ఆవిడ పేరు పక్కన చుక్క ఆకుపచ్చగా మారి, అలాగే నిలిచింది. నేను గోడ గడియారం వైపు చూస్తూ ఊపిరి బిగబట్టాను. ఫోటోల వెనక నుంచి లోవరాజు గొంతు గుసగుసగా వచ్చింది. "కదలకక్కా... కదలకు... నిన్ను నువ్వు సూసుకోకు..."

నిమిషం దాటింది.

"అయిపోయిందక్కోయ్!" అని అతను అరిచిన అరుపుకు ఫ్లెక్సీ ముఖం మాత్రం చలించలేదు. అధ్యక్షులవారు ఉలిక్కిపడి, "ఎవరది? ఏ ఫోటో మాట్లాడింది?" అన్నారు. ఆయనకు ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు అనేది ఫలితం కదా.

"సర్," అంది నూకరత్నం ఇంగ్లీషులో, ముక్కు ఎగబీలుస్తూ. "టుడే క్లాస్ ఈజ్ దేర్?"

"ఉందమ్మా," అన్నాను. అధ్యక్షులవారు పళ్లబుట్ట పక్కన కూర్చుని క్లాసు మొత్తం విన్నారు. చివర్లో కొంచెం కునికారు గాని, ముఖం తిన్నగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే దివాకరంగారు ఫోను చేశారు. "మాస్టారూ, అమ్మగారు ఎరుపులో ఉన్నారండి. జిల్లా ర్యాంకు పడిపోతోంది. ఆ దండ కాస్త తీసేద్దురూ."

"తియ్యనండి," అన్నాను. అంత వెంటనే అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

గులాబీలు వాడి రాలిపోయేదాకా ఉంచాను. అప్పుడు బీరువా తెరిచి, కవరు విప్పి, అక్క తెచ్చిన గంధపు దండ వేశాను. అది సన్నగా ఉంటుంది, ముఖానికి అడ్డం రాదు. ఎడమ పెదవి కొస ఎప్పటిలాగే కనిపిస్తోంది.

ఆ సాయంత్రం సుభాషిణికి తొంభై ఎనిమిది వచ్చింది.